పడినవాడికి రాయి ఉంది, పట్టుబడినవాడికి?

యుద్ధంలో చనిపోయినవాళ్ళనూ బందీలుగా దొరికినవాళ్ళనూ సమాజం ఒకేలా గుర్తుపెట్టుకుంటుందా అని అడిగారు. లేదండీ. మాది పలమనేరు వైపు. చిత్తూరు జిల్లాలో పొలాల గట్ల మీద, చెరువుల పక్కన వీరగల్లులు, అంటే పోరులో చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు, కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలవాళ్ళు కొట్టుకున్న కాలంనాటివి చాలా ఉన్నాయి. కత్తి పట్టిన మనిషి, కొన్నిటి మీద అతను ఏ పోరులో పడ్డాడో నాలుగు ముక్కలు. రాయి పడినవాడికే. ప్రాణాలతో పట్టుబడినవాడికి వేసిన రాయి నేనైతే చూడలేదు.

మా అవ్వ వాళ్ళ అన్న రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లో ఉన్నాడు. 1942 ఫిబ్రవరి 15న అక్కడి బ్రిటిష్ సైన్యం జపాన్‌కు లొంగిపోయింది. ఆ తర్వాత జాబు లేదు. ఇంట్లో టెన్షన్ అంతా వదినగారి బొట్టు గురించి. తీయమని కొందరు, ఆగమని కొందరు. తద్దినం పెట్టాలన్నా తిథి తెలియాలి కదా. చావుకు మన దగ్గర పద్ధతులున్నాయి, ఆచూకీ లేనివాడి విషయంలో ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు.

యుద్ధం అయ్యాక ఆయన తిరిగొచ్చాడు. అప్పటికి ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ (జపాన్‌కు పట్టుబడిన మన సిపాయిలు చాలామంది చేరిన నేతాజీ సైన్యం) వాళ్ళ మీద విచారణ, దేశమంతా వాళ్ళ పేరే. ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న: ‘నేతాజీని చూసినావా?’ ఫౌజ్‌లో చేరనివాళ్ళలో చాలామందిని జపాన్‌వాళ్ళు న్యూగినీ దీవికి కూలిపనికి పంపారు. ఈయనా అందులో ఒకడు. ఆ మాట చెప్పగానే వినేవాళ్ళు లేచిపోయేవాళ్ళట. తెల్లవాళ్ళకూ అక్కరలేదు, మనకూ అక్కరలేదు.

చరిత్రకారులు పట్టుకునేది ఇదే: రాయి ఎవరు వేయించారు, ఎవరిని వదిలేశారు? సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద సమాధి తెలియని 24,000 మందికి పైగా పేర్లున్నాయి, మన సిపాయిలవీ ఉన్నాయి. అదే జపాన్‌వాళ్ళు బర్మా రైలుమార్గానికి తోలుకెళ్ళిన మలయా తోటల తమిళ, తెలుగు కూలీలు వేలల్లో చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు.

మీ ఇంట్లో ఎవరైనా అలా పోయుంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో వెతకండి. పేరు స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టాలి. చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఇస్తారు, పోల్చుకోవడం సులువు. తిరిగొచ్చినవాళ్ళు మాత్రం అందులో దొరకరు. వాళ్ళ కోసమైతే ట్రంకుపెట్టెలో డిశ్చార్జి కాగితం, పెన్షన్ పుస్తకం ఉన్నాయేమో చూడండి.