కంప్యూటర్ లెక్క తప్పుతుందన్న అబ్బాయి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా అబ్బాయి నల్లగొండలో బీఎస్సీ మ్యాథ్స్, కంప్యూటర్స్ చివరి సంవత్సరం. కంప్యూటర్‌లో 0.1, 0.2 కలిపితే 0.3 రావడం లేదని, దాని అంతు చూడాలని, ఎంసీఏ వద్దని, ఎమ్మెస్సీ మ్యాథ్సే చేస్తానని పట్టుబడుతున్నాడు. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమేనండీ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ కూడికకు వచ్చే జవాబు 0.30000000000000004. మనం మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 3లు ఎక్కడా ఆగవు కదా; సున్నాలు, ఒకట్లతోనే రాసుకునే కంప్యూటర్‌కు పదో వంతుతోనూ అదే తంటా. 53 బిట్ల దగ్గర, అంటే 53 సున్నా-ఒకటి అంకెల దగ్గర, సర్దుకుని ఊరుకుంటుంది.

అంత చిల్లర తేడాకు ఇంత గొడవా అంటారేమో. 1982లో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఒక కొత్త సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. లావాదేవీ జరిగిన ప్రతిసారీ సూచీని తిరిగి లెక్కించి, మూడో దశాంశం తర్వాతి అంకెలను సవరించకుండా కత్తిరించేసేవారు. 1983 నవంబరుకు అది 520 దరిదాపులకు దిగజారింది. సరిగ్గా లెక్కిస్తే తేలింది 1098కి పైనే! రోజూ పైసలు వదిలేస్తే ఏడాది చివర చిట్టా ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మరి భిన్నాలను భిన్నాలుగానే ఉంచి లెక్క చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. సింపై, సేజ్ వంటి సాఫ్ట్‌వేర్లు చేసేది అదే. కానీ దానికీ మూల్యం ఉంది. 1, 1/2, 1/3 అంటూ 1/20 వరకు వరుసగా కలిపితేనే జవాబు 55835135/15519504. లెక్క సాగేకొద్దీ అంకెలు పెరిగి వేగం పడిపోతుంది. ఎక్కడ కచ్చితత్వం కావాలో, ఎక్కడ ఉజ్జాయింపు చాలునో, ఆ తప్పు ఎంత దాటదో తేల్చడమే న్యూమరికల్ అనాలిసిస్. వంతెనల డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు, బ్యాంకు లెక్కలకు, వాతావరణ అంచనాలకు ఈ పనివాళ్లు కావాలి. కాకపోతే ప్రకటనల్లో ఈ పేరుతో కొలువులు అరుదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పేరుతోనే వస్తాయి. అందుకే కోడింగ్ రాని ఎమ్మెస్సీ నాకు సమ్మతం కాదు.

అబ్బాయిని ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి పెట్టే జామ్ పరీక్ష రాయమనండి. డిగ్రీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. దాంతోపాటు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కూడా. మన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరులోనో సీటు వచ్చినా చిన్నచూపు వద్దు. ఈలోగా సింపై కోడ్ తెరిచి చదవమనండి. అది అందరికీ తెరిచిన కోడ్, చిన్న లోపాన్నైనా సరిచేసి పంపవచ్చు. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. ముందుగా ఒక పరీక్ష పెట్టండి: పైథాన్‌లో భిన్నాల లెక్కలు చేసే ‘ఫ్రాక్షన్’కు 0.1 ఇస్తే 1/10 బదులు 3602879701896397/36028797018963968 ఎందుకు వస్తుందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే ఎమ్మెస్సీకి పంపండి.

ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కూడా రాయించండి. ర్యాంకు చేతిలో ఉంటే మీకు నిద్ర పడుతుంది, ఎంసీఏ దారీ మూసుకుపోదు.