ఒక్క ఫొటోలో గోదారంతా ఎందుకమ్మా?

బుజ్జమ్మా,

నువ్వు పంపిన రాజమండ్రి ఫొటోలు నలభై రెండూ చూశాను. బాగున్నాయి అనేసి ఊరుకుందామనుకున్నా గానీ మనసొప్పలేదు. ప్రతి ఫొటోలోనూ బ్రిడ్జీ, పడవలూ, ఘాట్ మెట్లూ, మీ ఫ్రెండూ, ఆ పిల్ల చేతిలో మొక్కజొన్న పొత్తూ అన్నీ ఇరికించేశావు, దాంతో దేన్ని చూడాలో తెలియక నా కన్ను తిరిగి తిరిగి అలిసిపోయింది.

బటన్ నొక్కేముందు అసలు నువ్వు దేన్ని చూసి ఆగావో తేల్చుకో. గీతా, ఆకారమా, రంగా, గరుకుదనమా? ఏదో ఒకటే చెప్పాలి.

ఆ ఆర్చి బ్రిడ్జినే తీసుకో, మొత్తం 28 కమాన్లు. నువ్వు ఎదురుగా నిలబడి తీశావు కాబట్టి అది నీళ్ల మీద సన్నటి రిబ్బన్‌లా వచ్చింది. బ్రిడ్జికి దగ్గరగా పోయి ఏటవాలుగా చూడు, ఒక కమాను వెనక ఇంకోటి చిన్నదవుతూ పోతుంది, బొమ్మలేసేవాళ్లు లయ అనేది దీన్నే. సాయంత్రమైతే సూర్యుడు అవతల కొవ్వూరు వైపు దిగుతాడు, కమాన్లు నల్లటి ఆకారాలుగా మిగులుతాయి. అప్పుడు కెమెరా తెలివి చూపించి వాటిని వెలిగించబోతుంది, ఒప్పుకోకు, ఆకాశం వెలుగుని బట్టి ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలో, పెట్టుకో. తర్వాత ఆ వరసకి అడ్డంగా ఒక పడవ వచ్చేదాకా ఓపిక పట్టు. పడవ ఎడమ పక్క కింద ఉంటే కుడి పక్క ఆకాశం ఖాళీగా వదిలెయ్, తూకం అదే సరిపోతుంది. అక్కడ మళ్లీ ఒక కొంగని పెట్టకు తల్లీ.

రంగు సంగతి నాకు గుంటూరు దగ్గర మిరప కల్లంలో తెలిసొచ్చింది. రీలు రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, 36 ఫొటోలూ తీశాను. కడిగించి చూస్తే ఎర్ర దుప్పటి పరిచినట్టుంది, ఒక్క కాయా విడిగా కనపడలేదు. ఇంకో రోజు పొద్దున ఏడింటికే వెళ్లి, నేలకి దగ్గరగా కూర్చుని చూస్తే, పక్కనుంచి పడే ఎండకి ప్రతి కాయ ముడతలోనూ నీడ! కాయలు తిరగేస్తున్న ఒకావిడ ఆకుపచ్చ చీరలో ఉంది, అడిగే తీశాను, అంత ఎరుపులో ఆ పచ్చదనం మీదికే చూపు పోతుంది. సరదాకి దాన్నే బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను, ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి ఆవిడ మాయమైపోయింది. రంగు మీద నిలబడ్డ ఫొటోనో, వెలుగునీడల మీద నిలబడ్డ ఫొటోనో నీకు అనుమానమొస్తే ఈ పరీక్ష చేసుకో.

కెమెరా తెరని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే ఆ మూడో వంతు గీతలంటావా, మొదట్లో పనికొస్తాయి, మరీ వాటికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చోకు.

వచ్చే ఆదివారం ఒక్క లెన్సే పట్టుకెళ్లు, పది ఫొటోలకి మించి తియ్యకు. అందులో నీకు నచ్చిన రెండే నాకు పంపు, దేన్ని చూసి ఆగావో కింద ఒక ముక్క రాసి. ఈసారి జూమ్ చేసుకుని చూస్తాను, కళ్లద్దాలు మార్చాను లే.

పెదనాన్న