ముందు ఆయన సైనిక కంపెనీ కనుక్కోండి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. అమ్మాయి వాళ్ల పూర్వీకుడొకాయన అమెరికా అంతర్యుద్ధంలో పోరాడారని, ఆయన సమాధి వెతకాలని ఇద్దరూ అనుకుంటున్నారని రాశావు. చదివి ఎంత సంతోషం వేసిందో! మా కోడలి వైపు పెద్దాయన కోసం మేం నాలుగేళ్లు వెతికాం. అందులో తెలిసినవి నీకు చెబుతాను.

మేం చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఇండియానాలో, వాళ్ల సొంత కౌంటీలోనే (మన జిల్లాలాంటిది), ఆయన పేరున్న సైనికుడి రాయి కనిపించింది. ఇంకేమీ చూడలేదు. వరసగా రెండేళ్లు మెమోరియల్ డేకి, అంటే చనిపోయిన సైనికులను తలుచుకునే రోజుకి, వెళ్లి పూలు పెట్టి వచ్చాం. తీరా పెన్షన్ ఫైల్ వచ్చాక చూస్తే రెజిమెంట్ (సైనిక దళం) వేరు, మనిషి వేరు. ఆ పూలు వృథా అయ్యాయని నేననుకోను, అక్కడున్నదీ ఒక తల్లి బిడ్డే. కానీ మనవాడి దగ్గరికి ఆ రెండేళ్లూ ఎవరూ వెళ్లలేదే అని మా కోడలు కన్నీళ్లు పెట్టుకుంది.

అందుకే పేరొక్కటీ చూసి నమ్మకండి. పేరు, కంపెనీ (రెజిమెంట్‌లో ఒక చిన్న భాగం) అక్షరం, రెజిమెంట్ నంబరు, రాష్ట్రం, ఈ నాలుగూ కుదరాలి. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల సైనికుల జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇంటిపేరు స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ వెతకండి. ఒకే పేరుతో పదిమంది తేలితే కంగారు పడొద్దు. 1860 జనాభా లెక్కల్లో ఆయన ఏ కౌంటీలో ఉన్నారో చూసి, అక్కడివాళ్లు ఏ కంపెనీలో చేరారో పోల్చండి. అప్పట్లో ఒక్కో కంపెనీలో చాలావరకు ఇరుగుపొరుగు ఊళ్ల కుర్రాళ్లే ఉండేవారు.

ఆ తర్వాత వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత కాగితాలు భద్రపరిచే చోటు) నుంచి పెన్షన్ ఫైల్ తెప్పించండి. డబ్బు ఖర్చవుతుంది, టైమూ పడుతుంది, అయినా వెనకాడొద్దు. భర్త చనిపోయాక పెన్షన్ కావాలంటే భార్య పెళ్లినీ చావునీ రెండిటినీ రుజువు చేసుకోవాలి. మా ఫైల్లో ఆవిడ సంతకం రాక పెట్టిన గుర్తు ఉంది, వణికిన రెండు అడ్డగీతలు. దాని వెనక కాగితంలో పక్కింటాయన వాంగ్మూలం, ఏ చర్చి పక్కన పూడ్చారో చెబుతూ. మాకు దారి చూపింది ఆ ఒక్క వాక్యమే. కాన్ఫెడరేట్ వైపు, అంటే విడిపోయిన దక్షిణాది వైపు, అయితే పెన్షన్ ఇచ్చింది ఆయా దక్షిణాది రాష్ట్రాలు. ఆయన దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

యుద్ధంలోనే చనిపోయి ఉంటే వెతికే పద్ధతి వేరు. యుద్ధం ముగిశాక దాదాపు 3 లక్షల మంది యూనియన్ (ఉత్తరాది) సైనికుల అవశేషాలను జాతీయ శ్మశానాలకు చేర్చారు. కాబట్టి పడిన చోటే ఉంటారని అనుకోవద్దు. వెటరన్స్ శాఖవారి ఆన్‌లైన్ గ్రేవ్‌సైట్ లొకేటర్‌లో (సమాధి ఎక్కడుందో చూపే జాబితా) చూడండి. కాన్ఫెడరేట్ల ఆండర్సన్‌విల్ ఖైదులో పోయిన యూనియన్ సైనికుల్లో చాలామంది పేర్లు మిగిలాయంటే, డోరెన్స్ అట్‌వాటర్ అనే తోటి ఖైదీ మరణాల జాబితాకు రహస్యంగా నకలు రాసుకోబట్టే. ఫ్రెడరిక్స్‌బర్గ్ జాతీయ శ్మశానంలో అలా లేదు. అక్కడున్న 15 వేల పైచిలుకు మందిలో పేరు తెలిసినవాళ్లు 3 వేల లోపే. పేరు లేని చిన్న చదరపు రాళ్ల మీద రెండు అంకెలుంటాయి. పైది సమాధి నంబరు, కిందది అందులో ఎంతమంది ఉన్నారనేది. కింద ‘5’ అని ఉన్న రాయి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. కాన్ఫెడరేట్లను ఆ జాతీయ శ్మశానాలకు చేర్చలేదు. దక్షిణాది మహిళా సంఘాలు పూనుకుని గెటిస్‌బర్గ్ యుద్ధభూమి నుంచి అనేకమందిని 1870ల తొలి ఏళ్లలో రిచ్‌మండ్‌లోని హాలీవుడ్ సెమెటరీకి తెచ్చుకున్నాయి.

బతికి తిరిగొచ్చినవారైతే చివరిరోజులు ఎక్కడ గడిపారో అక్కడ వెతకండి. చాలామంది పడమటికి వలసపోయారు. 1910 జనాభా లెక్కల్లో యుద్ధంలో పనిచేశారా అన్న గడి ఉంది, చూడండి. 1879 నుంచి ప్రైవేటు శ్మశానాల్లోని యూనియన్ సైనికులకూ ప్రభుత్వం రాళ్లు ఇచ్చింది. ఏ రాయి ఏ శ్మశానానికి పంపారో రాసిన కార్డులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి రాయి మీద డాలు ఆకారం చెక్కి, లోపల పేరు ఉంటుంది. మాజీ సైనికుడని గుర్తుగా పక్కన గుచ్చిన ఇనుప నక్షత్రాన్ని మాత్రం నమ్మకండి, గడ్డి కోసేవాళ్లు తీసి ఇంకోచోట గుచ్చేస్తుంటారు.

రాయి దొరికితే బ్లీచ్, వైరు బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. రాయి పెచ్చులూడుతుంటే అదీ వద్దు. అక్షరాలు కనపడకపోతే ఒక అద్దం పట్టుకెళ్లి ఎండను రాయి మీదికి పక్కవాటుగా కొట్టించు. మా పెద్దాయన రాయి నున్నగా అరిగిపోయి ఉంది. మా కోడలు అద్దం తిప్పగానే ముందు కంపెనీ అక్షరం నీడలా తేలింది, తర్వాత రెజిమెంట్ నంబరు. ఫైల్లో ఉన్నవే! అక్కడే నేల మీద కూలబడిపోయింది పిల్ల. సమాధి ఉండి రాయే లేకపోతే ప్రభుత్వం ఉచితంగా కొత్త రాయి ఇస్తుంది. అప్పుడూ రుజువు కాగితాలే కావాలి, ప్రతిదానికీ నకలు తీసిపెట్టుకో.

ముందు ఇంట్లో పాత బైబిలు ఉందేమో అమ్మాయిని వాళ్ల అమ్మమ్మగారిని అడగమను. పుట్టిన, పోయిన తేదీలు అందులో రాసి ఉంటాయి. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు, పెన్షన్ ఫైల్ దరఖాస్తు ఇద్దరం కూర్చుని నింపుదాం.

మీ మామయ్య