టవర్ ఒకరిది, సిమ్ ఇంకొకరిది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సిగ్నల్ గోలే. పిల్లల్ని అమెరికా పంపే సీజన్, దానికి తోడు రీఛార్జి ధరలు. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నా, మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు. అక్కడే ఉన్న మా చెల్లెలి కొడుకు నెలకు 15 డాలర్ల సిమ్ ఏదో వాడతాడంట, వీడూ అదే తీసుకుంటానంటున్నాడు. మా ఆయనేమో చవక సిమ్‌కి సిగ్నల్ ఉండదు, రాత్రిపూట బిడ్డ ఎక్కడున్నాడో తెలీకపోతే ఎట్లా, డబ్బు పోతే పోనీ పెద్ద కంపెనీదే తీసుకోమని పట్టుబడుతున్నారు. ఇంట్లో రోజూ ఇదే పంచాయతీ. ఎవరి మాట కరెక్టు?
— ఓ తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. కానీ ఆయన భయపడుతున్న చోట తేడా లేదు, ఉన్న చోట ఆయన చూడటం లేదు.

అమెరికాలో సిమ్ అమ్మే పేర్లు బోలెడు. దేశమంతా టవర్లున్న పెద్ద కంపెనీలు మాత్రం మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. స్ప్రింట్ అని నాలుగోది ఉండేది, 2020లో అది టీ-మొబైల్‌లో కలిసిపోయింది. చవక సిమ్‌లు అమ్మేవాళ్లలో చాలామందికి సొంత టవర్లుండవు, ఈ ముగ్గురి నెట్‌వర్క్‌నే టోకున తీసుకుని చిల్లరగా అమ్ముతారు. మింట్ సిమ్ వేస్తే పట్టేది టీ-మొబైల్ టవర్, క్రికెట్ అయితే ఏటీ అండ్ టీ, విజిబుల్ అయితే వెరైజన్. తమాషా ఏంటంటే ఈ మూడు చవక పేర్లూ ఇవాళ ఆ పెద్ద కంపెనీల సొంతమే. క్రికెట్‌ని 2014లో, మింట్‌ని 2024లో కొనేశారు, విజిబుల్‌ని వెరైజనే పెట్టింది. అందుకని మీవాడు ఉండబోయే అపార్ట్‌మెంటులో టీ-మొబైల్ బాగా పట్టేట్టయితే మింటూ పడుతుంది, అక్కడ టీ-మొబైల్ పట్టకపోతే దానికి నెలకు 70 డాలర్లు పోసినా పట్టదు.

మరి తేడా ఎక్కడంటారా, మన తిరుపతోళ్లకి చెప్పడం సులువు. కొండ మీద స్వామి ఒక్కడే, గుడి ఒక్కటే. జనం లేని రోజు సర్వదర్శనంలో వెళ్లినా 300 రూపాయల టికెట్‌తో వెళ్లినా దర్శనం తొందరగానే అవుతుంది. రద్దీ రోజు మాత్రం సర్వదర్శనం వాళ్లు కంపార్ట్‌మెంట్లో కూర్చుని గోవిందా గోవిందా అనుకుంటూ ఉంటే 300 టికెట్ వాళ్ల లైను కదులుతుంది, బ్రేక్ దర్శనం వాళ్ల సంగతి సరేసరి. టవర్ దగ్గరా అంతే. అది మోయగలిగినంత మందే ఉంటే అందరికీ ఒకే స్పీడు. స్టేడియంలో మ్యాచ్, ఎయిర్‌పోర్టు, పండగ ముందు షాపింగ్ మాల్, ఇలాంటి చోట గుంపు చేరినప్పుడు ఖరీదైన ప్లాన్ల డేటా ముందు పోతుంది, చవక సిమ్ డేటా ఆగాలి. దీన్ని వాళ్లు డీప్రయారిటైజేషన్ అంటారు. ఫోన్ మీద గీతలన్నీ నిండుగానే ఉంటాయి, వాట్సాప్‌లో ఫొటో మాత్రం పోకుండా సున్నా తిరుగుతూ ఉంటుంది.

గీతలు నిండుగా ఉండి కూడా పని జరక్కపోవడం అంటే ఏంటో గరుడసేవ రోజు మాడవీధుల్లో నిలబడ్డవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అక్కడ మరీ రద్దీ కాబట్టి టికెట్ ఏదైనా ఒకటే, అందరూ కంపార్ట్‌మెంట్లోనే. ఒక ఏడు మా బావమరిది తప్పిపోతే నిండు గీతల ఫోన్ చేత్తో పట్టుకుని రెండు గంటలు తిరిగాను, ఒక్క కాల్ కలిస్తే ఒట్టు. చివరికి చెప్పుల స్టాండు దగ్గర పల్లీలు తింటూ దొరికాడు.

ఇంకో తేడా ఊళ్లు దాటాక వస్తుంది. పెద్ద కంపెనీలు తమ టవర్లు లేని మారుమూల కొండల్లో, ఎడారుల్లో స్థానికంగా ఉండే చిన్న కంపెనీల టవర్ల మీద రోమింగ్ పెట్టుకుంటాయి, అది నెలనెలా బిల్లు కట్టే సొంత కస్టమర్లకి ఇస్తాయి. చవక సిమ్‌లకి చాలావాటికి ఈ రోమింగ్ ఉండదు, ఉన్నా కొంచెమే. సెలవుల్లో నలుగురు కుర్రాళ్లు అద్దె కారేసుకుని గ్రాండ్ కాన్యన్ పోయినప్పుడు ఇది తెలుస్తుంది. అప్పుడు మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోమనండి, నలుగురిలో ఒక్కడి సిమ్ అయినా వేరే నెట్‌వర్క్‌ది ఉండేలా చూసుకోమనండి. ఆపదలో 911కి చేసే కాల్‌కి మాత్రం ఈ తేడాలేవీ లేవు, ఏ కంపెనీ టవర్ అందితే ఆ కంపెనీ దాన్ని తీసుకోవాల్సిందేనని అక్కడి రూలు. ఈ ఒక్క ముక్క మీ ఆయనకి చెప్పండి, సగం భయం తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరూ అడగని విషయం. వాడు తీసుకెళ్లే ఫోన్ ఎక్కడ కొన్నది? మన దేశంలో అమ్మే ఫోన్లు మన బ్యాండ్లకి, అంటే ఇక్కడి సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలకి, తగ్గట్టు తయారవుతాయి, చాలా మోడళ్లలో అమెరికా బ్యాండ్లు కొన్ని ఉండవు. టీ-మొబైల్ సిగ్నల్ ఊళ్ల బయటికీ ఇళ్ల లోపలికీ పోయేది ఎక్కువగా 600 మెగాహెర్ట్జ్ మీద, అంటే బ్యాండ్ 71. వెరైజన్‌కి ఆ పని చేసేది బ్యాండ్ 13, ఏటీ అండ్ టీకి 12, 14. ఫ్రీక్వెన్సీ తక్కువయ్యేకొద్దీ సిగ్నల్ దూరం పోతుంది, గోడల్లోంచి దూరుతుంది. ఈ బ్యాండ్ లేని ఫోన్‌తో వీధిలో బాగానే ఉంటుంది, ఇంట్లోకి రాగానే చచ్చిపోతుంది, పాపం తిట్లు సిమ్ తింటుంది. పైగా అక్కడ ముగ్గురూ 2022లోనే 3జీ ఆపేశారు కాబట్టి మాట్లాడాలన్నా 4జీ మీద కాల్ పోయే ఫోనే కావాలి. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో ఉన్న మోడళ్లనే ఒప్పుకుంటుంది, దాని టవర్ వాడే క్రికెట్ లాంటి వాటిదీ అదే కథ.

నా మాటగా చెప్పాలంటే, డల్లాస్ లాంటి నగరంలో చదువుకునే పిల్లాడికి 15 డాలర్ల సిమ్ చాలు, మీ అబ్బాయి మాటే నెగ్గనివ్వండి. కాకపోతే చవగ్గా వస్తుందని ఏడాదికి ఒకేసారి కట్టొద్దు, మూడు నెలలది తీసుకోమనండి. వాడు చేరబోయే ఇంట్లో ఇప్పుడున్న కుర్రాళ్లని పడగ్గదిలో ఏ నెట్‌వర్క్ బాగా పడుతుందో అడగమనండి, ఆ తర్వాత ఆ నెట్‌వర్క్ మీద నడిచే చవక పేరు వెతకమనండి. ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్, ఉన్న ఫోన్ అయితే కొన్ని కంపెనీలు కొన్నాళ్లు ఊరికే వాడి చూడమని ఇస్తాయి, అదీ వాడుకోవచ్చు. నలుగురు రూమ్మేట్లు కలిసి పెద్ద కంపెనీలో ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే తలకి పడేది బాగా తగ్గుతుంది, మన పిల్లలు చాలామంది చేసేది అదే. బిల్లు ఎవరి పేరున ఉంటుందనేదే గొడవ.

ప్రశ్న: అమెరికాలో ఉన్నట్టు మన దగ్గర టోకున కొని చవగ్గా అమ్మే సిమ్ కంపెనీలు ఎందుకు లేవు? ఉంటే నాలాంటి పెన్షనర్లకి బాగుంటుంది కదా.
— రిటైర్డ్ టీచర్, గిరింపేట, చిత్తూరు

జవాబు: మాస్టారూ, రాలేదని కాదు, వచ్చి నిలబడలేదు. 2008లో వర్జిన్ మొబైల్ అని టాటా నెట్‌వర్క్ మీద వచ్చింది, కుర్రకారు కోసం. 2010లో టీ24 అని ఇంకోటి, అదీ టాటా టవర్ల మీదే. బిగ్ బజార్‌లో సరుకులు కొంటే టాక్‌టైమ్ వచ్చేది, మీకు గుర్తుండే ఉంటుంది, మా ఇంట్లో కందిపప్పు కొన్న ప్రతిసారీ మా ఆవిడ ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకునేది. 2016లో ప్రభుత్వం ఇలాంటి కంపెనీల కోసం వీఎన్‌ఓ అని విడిగా లైసెన్సే తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో దిగింది. టోకు వ్యాపారం నడవాలంటే టోకు ధరకీ చిల్లర ధరకీ మధ్య నాలుగు డబ్బులు మిగలాలి. చిల్లర ధరే నేలకి దిగిపోతే మధ్యలో వాడు ఏం తింటాడు? అమెరికాలో ఒక్క లైనుకి 60, 70 డాలర్లు తీసుకుంటారు కాబట్టి 15కి అమ్మేవాడికి అక్కడ చోటుంది.

చవకంటే మనకి మిగిలింది బీఎస్‌ఎన్‌ఎల్. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచినప్పుడు జనం అటు పరిగెత్తారు. అది టోకున కొని అమ్మే రకం కాదు, టవర్లు సొంతం. స్వదేశీ 4జీ టవర్లు 97,500 దాకా వేసి 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. చిత్తూరులో మీ వీధిలో ఎలా ఉందో మాత్రం పక్కింటాయన ఫోన్ అడిగి చూడాల్సిందే. ఒకరి టవర్ మీద ఇంకొకరి సిమ్ పనిచేయడం మన దగ్గరా మొదలైంది, కానీ వేరే రకంగా. ప్రభుత్వ నిధులతో మారుమూల పల్లెల్లో వేసిన 4జీ టవర్లు 27 వేలకు పైగా ఉన్నాయి, వాటిని ఒకరు వేసినా మిగతా కంపెనీల సిమ్‌లూ వాడుకునేలా 2025 జనవరిలో తెరిచారు. ఊళ్లో మీకు దాని అవసరం పడదు.

ప్రశ్న: అన్నా, మా ఇంట్లో వంటగదిలో, పూజగదిలో సిగ్నల్ ఉండదు. కంపెనీ మ్యాపులో మా వీధంతా నిండుగా రంగేసి ఉంది. ఫోన్ షాపతను వేరే కంపెనీకి పోర్ట్ పెట్టు, సూపర్‌గా ఉంటుంది అంటున్నాడు. పెట్టేయనా?
— డిగ్రీ విద్యార్థి, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: ఆగు తమ్ముడూ. పోర్ట్ పెడితే షాపతనికి కమీషన్ వస్తుంది, నీకు సిగ్నల్ వస్తుందో రాదో తర్వాత మాట. నేనూ ఇట్లాగే ఒకే ఏడాదిలో రెండుసార్లు మారాను, రెండుసార్లూ ఎవరో చెప్పిన మాట విని. ఏం ఒరగలేదు.

తర్వాత బుద్ధొచ్చి కొలిచాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ అని పోతే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది, అన్నీ మైనస్ అంకెలే, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మా బాల్కనీలో మైనస్ 93. హాల్లో 104. పూజగదిలో, దానికి నాలుగు వైపులా గోడలే, మైనస్ 119. అంకెల్లో తేడా 26 అని తీసిపారేయకు, ఈ కొలతలో ప్రతి పదికీ పది రెట్లు మారుతుంది, అంటే బాల్కనీలో ఉన్న సిగ్నల్‌లో 400వ వంతు పూజగదికి చేరుతోందన్నమాట. ఇది కంపెనీ లోపం కాదు, నేను కట్టించుకున్న గోడల పుణ్యం. ఫోన్ కంపెనీల మీద నియంత్రణ చూసే ట్రాయ్ 2024లో పెట్టిన రూలు ప్రకారం కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్లలో కవరేజి మ్యాపులు పెట్టాలి, పెట్టాయి కూడా, మంచిదే. కానీ మ్యాపు వీధి సంగతి చెబుతుంది, నీ వంటగది గోడ దానికేం తెలుసు?

ఇంట్లో వైఫై ఉంటే ముందు ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యి, కాల్ టవర్ మీద కాకుండా వైఫై మీద పోతుంది. మా ఇంట్లో పైసా ఖర్చు లేకుండా గొడవ దాంతోనే తీరింది. లేదంటే నువ్వు మారాలనుకునే కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుణ్ణి ఒక సాయంత్రం ఇంటికి పిలువు, అమ్మ చేత్తో కాఫీ ఇప్పించి, వాడి ఫోన్‌తో ఇదే అంకె వంటగదిలో చూడు. కనీసం పది తేడా ఉంటేనే 1900కి పోర్ట్ మెసేజ్ కొట్టు. సిమ్ తీసుకుని 90 రోజులు దాటి ఉండాలి, ఈమధ్య పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుని ఉంటే ఆ తర్వాత ఏడు రోజులు ఆగాలి.

ప్రశ్న: ఇంట్లోనే ఉంటాం, తమిళనాడుకి స్వాగతం అని రోజుకి రెండు మెసేజ్‌లు వస్తాయి. డబ్బులేమైనా కట్ అవుతాయా?
— ఓ గృహిణి, నగరి

జవాబు: కట్ కావమ్మా. మీ నంబరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌ది (సర్కిల్ అంటే ఫోన్ కంపెనీల లెక్కలో ఒక ప్రాంతం), మీ ఇంటికి బలంగా తగిలేది బార్డర్ అవతలి టవర్, ఫోన్ ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడికి పోతుంది. ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో దేశం లోపల రోమింగ్‌కి విడిగా తీసుకోరు. కాల్ మధ్యలో తెగిపోతుంటే మాత్రం మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి మన సర్కిల్ పేరు చేత్తో ఎంచుకుని రెండు రోజులు చూడండి. తిరుత్తణి వైపు వెళ్లేటప్పుడు మళ్లీ ఆటోమేటిక్ పెట్టుకోవడం మర్చిపోకండి, లేకపోతే ఊరు దాటగానే ఫోన్ మూగబోతుంది.