కాలిన స్విచ్ డబ్బాలో ఉందిగా, దాన్ని ముట్టుకోకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఫైనాన్స్ మీద డీసీఎం కొని నేనే నడుపుకుంటున్నాను. 2024 ఆగస్టులో హైదరాబాద్‌లోని ఒక షాపులో బండికి ముందు, వెనుక కెమెరాలు, వాటికి డ్యాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టించాను. 9,500 ఫోన్‌పే చేశాను. బిల్లు లేకపోతే జీఎస్టీ ఉండదన్నారు, సరే అన్నాను. ఆ తర్వాత బండి నాలుగైదు రోజులు ఆగితే చాలు, బ్యాటరీ దిగిపోయేది. నవంబరులో బియ్యం లోడుతో పోతుంటే చిట్యాల దగ్గర స్విచ్ నుంచి పొగ వచ్చి బండి ఆగిపోయింది. మిల్లుల సీజన్‌లో తొమ్మిది రోజులు పని లేదు. కిస్తీ కోసం నా భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టాను. వైర్లు కోశారు కాబట్టి వారంటీ లేదని షోరూం వాళ్లు అంటున్నారు. షాపాయన ఏడాదికి పైగా వచ్చే వారం రమ్మంటున్నాడు. పోలీసు కేసు పెట్టవచ్చా? తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయిస్తానని మిత్రుడు అంటున్నాడు, పనికొస్తుందా? మా ఊరి ఎలక్ట్రీషియన్ స్విచ్ ఒక్కటే మార్చాడు. కాలినది ఇంట్లో డబ్బాలో ఉంది. ఈ వైరింగంతా పీకేసి కొత్తది వేయించాలనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో చివర రాసిన రెండు మాటలే మీ కేసు: కాలిన స్విచ్ ఇంకా ఉంది, మిగతా వైరింగ్ ఇంకా బండిలోనే ఉంది. పుస్తెలతాడు సంగతి వినియోగదారుల కమిషన్ వింటుంది కానీ దాన్ని బట్టి తీర్పు ఇవ్వదు. షాపాయన ఏ వైరును ఎక్కడ కలిపాడు, ఆ కలపడం వల్లే నష్టం జరిగిందా అన్నదే తేలాలి. అది చెప్పగలిగిన సాక్షి ఆ వైరింగే. దాన్నే పీకేస్తానంటున్నారు! పీకిన మర్నాడు షాపాయన లాయరు అడిగే మొదటి ప్రశ్న, "మా తర్వాత ఎంతమంది చేతులు పెట్టారు?" అని. ఇప్పటికే ఒకరు పెట్టారు. ఆ ఎలక్ట్రీషియన్ ఏం మార్చాడో, ఏ తేదీన మార్చాడో ఆయన చేత ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.

వైరింగ్‌ను పీకించకుండా పరీక్ష చేయించండి. తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో గంటలో చేసే పని ఇది. తాళం తీసేసి, తలుపులు వేసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ వైపు మీటరు కలిపి ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 చూపించి, కెమెరా ఫ్యూజు తీయగానే పడిపోయిందనుకోండి, దొంగ దొరికినట్టే. తాళంతో పాటు ఆగిపోవలసిన వైరును నేరుగా బ్యాటరీకి కలిపితే ఇలాగే అవుతుంది. ఆ లెక్కన రోజుకు 7 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క) పోతాయి. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదారు రోజుల్లో సగానికి దిగుతుంది, పాతబడినదైతే ఇంకా ముందే. మీరు రాసిన నాలుగైదు రోజులకు ఇది సరిగ్గా సరిపోతోంది.

పొగ సంగతి వేరు. మీది లైటు వెలిగే మూడు పిన్నుల స్విచ్ అయితే, కెమెరాకు వెళ్లే పిన్ను మీద ఎర్త్ వైరు పెడితే, స్విచ్ వేసిన క్షణంలో షార్టు అవుతుంది. సరైన ఫ్యూజు ఉంటే అది ఎగిరిపోయి ఊరుకుంటుంది. ఫ్యూజు లేకపోతేనో, ఎక్కువ ఆంపియర్లది పెడితేనో వైరు కాలుతుంది. మీ స్విచ్ ఇన్నాళ్లు పనిచేసింది కాబట్టి పిన్నులు సరిగానే ఉండి, జాయింటు వదులై వేడెక్కి కాలి ఉండవచ్చు కూడా. ఏదన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కాలిన గుర్తు ఏ పిన్ను దగ్గర ఉందో చూసి ఆ పని తెలిసినవాడు చెప్పాలి. రీడింగులు, ఫొటోలు, తేదీ, సంతకం అన్నీ కాగితం మీదికి రావాలి. స్విచ్‌ను కవరులో పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో అంటించండి. అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని సీలు చేసి ల్యాబుకు పంపుతుంది. ఫీజు మీరు కట్టాలి.

షోరూం మీద కోపం పెట్టుకోకండి. బయటివాళ్లు వేసిన వైరింగ్ వల్ల పాడైందని వాళ్లు అంటున్న మాట మీకు శత్రువు కాదు, షాపాయన మీద మీకున్న మంచి సాక్ష్యం. దాన్ని లిఖితంగా, బండి రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డు మీద తీసుకోండి. వాళ్లను ప్రతివాదిగా చేర్చే ఆలోచన మానుకోండి. వస్తువును మార్చి ఉంటే అమ్మినవారిపై ప్రొడక్ట్ లయబిలిటీ దావా (వస్తువు వల్ల జరిగిన నష్టానికి పరిహారం అడిగే దావా) నిలవదని అదే చట్టం సెక్షన్ 87 చెబుతోంది.

ఇక ఆ పాత తేదీ బిల్లు. ససేమిరా వద్దు. 1,710 రూపాయల జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదులుకోవడం ఒక తప్పు. దాన్ని కప్పిపుచ్చడానికి దొంగ బిల్లు పెడితే మీరే ముద్దాయి అవుతారు. బిల్లుకు వరుస నంబరు ఉంటుంది, ఆ షాపు జీఎస్టీ రిటర్న్ ఉంటుంది, ఈ అమ్మకం అందులో లెక్కలోకి వచ్చి ఉండదు. ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 340 కింద నేరం, రాయించిన మిత్రుడూ ఇరుక్కుంటాడు. నిజమైన కేసు కూడా ఆ ఒక్క కాగితంతో పోతుంది.

అసలు దాని అవసరమే లేదు. ఫోన్‌పే చెల్లింపు, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు, షాపాయనతో వాట్సాప్ మాటలు చాలు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి, అది ఆయన తప్పుగానే రాయండి. ఫోను మాత్రం రీసెట్ చేయకండి, అమ్మకండి. వాట్సాప్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ ప్రింట్లు ఆ ఫోనులోంచి తీసినవేనని ధ్రువీకరించే పత్రం) జత చేయాలి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. మీరు నవంబరు నుంచి లెక్కపెడతారు, ఆయన లాయరు ఆగస్టు నుంచి లెక్కపెడతాడు. అందుకని 2026 ఆగస్టులో, కెమెరాలు పెట్టించిన తేదీ దాటనివ్వకండి. "వచ్చే వారం రా" అన్న మాటలు గడువును పెంచవు. లీగల్ నోటీసూ పెంచదు. చాలామంది నోటీసు పంపి నిశ్చింతగా కూర్చుంటారు, తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు.

పోలీసు స్టేషన్‌కు తిరగకండి, సివిల్ గొడవ అని పంపించేస్తారు. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు చూడండి. తర్వాత నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే చోట వేసుకోవచ్చు. చెల్లించింది అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండానూ వేయొచ్చు. ఆ బండి ఒక్కటే ఉందని, జీవనోపాధికి మీరే నడుపుతున్నారని ఫిర్యాదులో తప్పక రాయండి. లేదంటే వ్యాపార అవసరం అని కొట్టేయిస్తారు.

తొమ్మిది రోజుల నష్టం నోటిమాటగా రాస్తే ఏదో కొంత ఇచ్చి ఊరుకుంటారు. అంతకుముందు రెండు నెలల వేబ్రిడ్జి చీటీలు, డీజిల్ బిల్లులు, మిల్లు వాళ్లు బ్యాంకులో వేసిన కిరాయి వెతికి, ఒక రోజు ఎంత వచ్చేదో లెక్క కట్టండి. చీటీలు మీ దగ్గర లేకపోతే మిల్లు గుమాస్తాను అడగండి, పాత పుస్తకాలు ఎవరికైనా తూకానికి అమ్మేయకముందే.