సమాధానం: ఒక బ్యాటరీ తీస్తే ఎయిర్ ట్యాక్సీ మోడల్ బోల్తా పడుతోంది

రెండు బ్యాటరీల్లో ఒకటి తీసినా ఎగరాల్సిన మీ మోడల్ బోల్తా పడుతోందంటే, మోటార్లది కాదు, వైరింగ్‌ది తప్పు. ఎడమవైపు నాలుగు మోటార్లూ ఒకే బ్యాటరీ మీద ఉన్నాయి. అది పోతే ఆ వైపు లేపేదేముంది?

1. చైనా ఎయిర్ ట్యాక్సీ ఈహ్యాంగ్ 216లో 8 చేతులకు (మోటార్లు బిగించే కమ్మీలకు) పైనా కిందా కలిపి 16 మోటార్లు. మీకు 4 చేతులు, 8 మోటార్లు. పైవి ఒక బ్యాటరీకి, కిందివి రెండోదానికి ఇవ్వండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: ఫ్లైట్ కంట్రోలర్‌కు (మోటార్లను అదుపు చేసే బోర్డుకు) కూడా రెండు బ్యాటరీల నుంచీ కరెంటు రావాలి. ఒక్కో బ్యాటరీకి ఒక రెగ్యులేటర్ (బోర్డుకు తగ్గ వోల్టేజీ ఇచ్చేది), దాని తర్వాత షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పెట్టండి, రెండు బ్యాటరీల నెగెటివ్ తీగలు కలపండి. ఇప్పుడు ప్రొపెల్లర్లు తీసేసి ఒక్కో బ్యాటరీ పీకి చూడండి. కంట్రోలర్ లైటు రెప్ప కొట్టకూడదు.

3. ఒక బ్యాటరీ పోతే మిగిలిన నాలుగు మోటార్లే మొత్తం బరువు మోయాలి, అదుపుకు కాస్త బలం మిగలాలి. 4 కిలోల మోడల్‌కు ఒక్కోటి కిలోన్నర లేపాలి.

మొదటిసారి తాడు కట్టే ఎగరేయండి. నల్గొండ ఎండలో కాదు, పొద్దున్నే. ఎండలో బ్యాటరీలు ఎగరకముందే కాగిపోతాయి.