డాక్టర్ సలహా: జపంతో మనసు కుదుటపడిందని మాత్ర మానేశాను.. ఇప్పుడు కోపం ఆగడం లేదు!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆందోళనకు ఏడాదిన్నరగా ఎస్సిటాలోప్రామ్ 10 ఎం.జి. వాడాను. జపం, ధ్యానం మొదలుపెట్టాక మనసు కుదుటపడిందని పది రోజుల కింద మానేశాను. ఇప్పుడు చిన్న మాటకే కోపం, ఏడుపు. తల తిరుగుతోంది, నిద్ర లేదు. శనివారాలు ఉపవాసం ఉంటాను. కోపం తగ్గడానికి ఏ ధ్యానం మంచిది?
- ఓ పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: ధ్యానం సంగతి తర్వాత చూద్దామమ్మా. మాత్ర ఉన్నట్టుండి ఎందుకు మానేశారు? ఈ మందును ఒక్కసారిగా ఆపితే సాధారణంగా 2 నుంచి 4 రోజుల్లో తల తిరగడం, చిరాకు, ఏడుపు, పీడకలలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం మొదలవుతాయి. మీ కోపం భక్తి చాలక వచ్చినట్టు లేదు. పాత ఆందోళనే తిరగబెట్టిందా, థైరాయిడ్ తేడానా, నెలసరి ఆగే వయసు మార్పులా అన్నది మిమ్మల్ని చూడకుండా తేల్చలేను. బీపీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చూపించుకోండి.

మందు రాసిన డాక్టర్‌ను రెండు మూడు రోజుల్లో కలవండి. కుదరకపోతే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. చాలామందికి మాత్ర మళ్లీ మొదలుపెట్టి, వారాలు, ఒక్కోసారి నెలల మీద మోతాదు తగ్గిస్తారు. ఎంత, ఎలా అన్నది వాళ్లే చెప్పాలి. పాత చీటీతో మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనుక్కోకండి. నిద్ర కోసం పక్కింటివాళ్ల మాత్ర అసలే వద్దు. కొన్ని నిద్రమాత్రలు అలవాటయ్యాక హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. దీక్ష అనో, మొక్కు అనో మందులు ఆపేసేవాళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు. స్వామి మీద నమ్మకానికీ మాత్రకూ పోటీ లేదమ్మా, దయచేసి పెట్టకండి.

జపం మానొద్దు. నామాన్ని నిదానంగా పలికితే ఊపిరి నెమ్మదిస్తుంది, దాంతో గుండెదడ తగ్గుతుంది. 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు 'గోవిందా' అని సాగదీస్తూ వదలండి. అంటే నిమిషానికి 6 శ్వాసలు. పూటకు 5 నుంచి 10 నిమిషాలు చాలు. కోపం వచ్చాక కాదు, రోజూ చేయాలి. ఊపిరి బిగబట్టకండి. కపాలభాతి (ఊపిరిని వేగంగా బయటికి నెట్టే ప్రాణాయామం) లాంటివి ఇప్పుడు వద్దు, తల తిరుగుడు పెరుగుతుంది. కళ్లు మూస్తే దడ ఎక్కువైతే తెరిచే చేయండి.

కడుపు మాడితే చిరాకు పెరుగుతుంది. తగ్గేదాకా శనివారం ఉపవాసాన్ని ఒంటిపూటతో సరిపెట్టి మజ్జిగ, పండ్లు తీసుకోండి, కాఫీతో గడపకండి. అలిపిరి మెట్లూ వాయిదా వేయండి.

చనిపోవాలనిపించినా, నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు ఉన్నా, ఎవరికీ వినబడని మాటలు (దేవుడివే అనిపించినా సరే) వినబడినా ఓపీ రోజు కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.